వీరవనితకు కొత్త దుస్తులు

అమెరికాలో టెక్సాసు రాష్ట్రంలో కాపురం వుంటున్న ఒక సోదరి నాలుగు పేజీల వుత్తరం వ్రాశారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. విషయం మాత్రం ఒక్క ఇంటిది కాదు. అందుకని ఈ వారం చోటంతా దానికే కేటాయిస్తున్నాను. మిగిలిన వుత్తరాలవారు మన్నించాలి.

వారి అమ్మాయికి పదహారేళ్ళు. చదువులో లోటు లేదు. ఎటొచ్చీ, బడి పని ముగియగానే కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మలు గీస్తుంది. మూడు నెలలుగా ఒకే ఆడమనిషి బొమ్మ. అది వండర్ వుమన్ అనే అమెరికా కామిక్ పుస్తకాల వీరవనిత బొమ్మ. ఏం చేస్తున్నావే అని అడిగితే “బట్టలు మారుస్తున్నానమ్మా” అంటుంది. ఒకనాడు ఈవిడ పాలు ఇవ్వడానికి గదిలోకి వెళ్ళి తెర వంక చూస్తే ఆ బొమ్మకు భుజాల మీద గుడ్డ లేదు, తొడల మీద గుడ్డ లేదు. “ఇదేం సిగ్గులేని బొమ్మే!” అన్నారట. ఆ రోజు నుంచి పిల్ల బొమ్మలు చూపించడం మానేసింది. అడుగుల చప్పుడు వినబడితే చాలు, తెర మార్చేస్తుంది. పలక మీద గీసినప్పటి నుంచి ప్రతి బొమ్మా పరుగెత్తుకొచ్చి చూపించిన పిల్ల!

“కంప్యూటరే గీసి పెడుతుంటే ఇందులో పిల్ల నేర్చుకునేది ఏమిటి? అయినా అంతమంది దేవతల బొమ్మలుండగా ఆ అరకొర బట్టల బొమ్మ ఎందుకు? మాన్పించమంటారా?” అని ప్రశ్న. చివరి వాక్యం ఇది: “నా రవికలు నేనే కుట్టుకుంటాను, గుడ్డ సంగతి తెలిసినదాన్ని గనుక అడుగుతున్నాను.”

ఈ వుత్తరానికి నేను చప్పున జవాబు ఇవ్వలేదు. అమ్మాయి వాడుతున్నది క్రిటా అనే సాఫ్టువేరు అని ఆవిడే వ్రాశారు. అది వుచితంగా దొరుకుతుంది. ఎందరో స్వచ్ఛందంగా శ్రమించి తయారు చేస్తున్నారు. స్వీడిషు భాషలో ఆ మాటకు సుద్దముక్క అని అర్థం. మా ఇంట్లో పిల్లలు వాడి వదిలేసిన గీతల పలక ఒకటి వుంటే దులిపి తీసి, నెల రోజులు, రోజుకు గంట చొప్పున నేనూ కూర్చున్నాను. చూడని వంటకు రుచి చెప్పడం నాకు అలవాటు లేదు.

మొదటి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. కంప్యూటరు గీసి పెట్టదు. 2022 నుంచీ మాట చెబితే బొమ్మ తయారు చేసి ఇచ్చే సాధనాలు జనంలోకి వచ్చిన మాట నిజమే. అది వేరు, మీ అమ్మాయి చేస్తున్నది వేరు. మూడు నెలలు పట్టడమే అందుకు సాక్ష్యం.

గీతల పలక అంటే చూడనివారి కోసం చెబుతాను. నల్లటి అట్టలాంటి పలక, సిరా లేని ఒక కలము. పలక మీద గీస్తే అక్కడ ఏమీ పడదు, ఎదురుగా తెర మీద పడుతుంది. జపానులో 1983లో మొదలైన వాకమ్ కంపెనీవారి కలములో బ్యాటరీ కూడా వుండదు. పలకలో నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం కలములో వున్న చిన్న తీగచుట్టకు శక్తి ఇస్తుంది. కలము ఎక్కడ వుందో, ఎంత గట్టిగా నొక్కుతున్నామో ఆ చుట్టే తిరిగి పలకకు తెలియజేస్తుంది. అందువల్ల తేలికగా ఆనిస్తే వెంట్రుక వాసి గీత, నొక్కితే లావు గీత. మన పాతకాలపు పాళీ కలము చేసిన పనే.

చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట. కొత్తవారికి మొదటి వారమంతా ఇదే యాతన. గీత అనుకున్న చోట మొదలుకాదు. కుట్టుమిషను నేర్చుకున్నవారికి మాత్రం ఇది అట్టే వింతగా తోచదు. కాలు తొక్కుడు మీద, చెయ్యి గుడ్డ మీద, చూపు సూది మీద పెట్టి మూడూ కలిసేదాకా ఎన్ని పాత చీరముక్కలు పాడుచేయలేదు మనం! చెయ్యి వణికేవారి కోసం క్రిటాలో ఒక ఏర్పాటు కూడా వుంది. గీత కలము వెంటనే రాకుండా, తాడు కట్టి ఈడ్చినట్టు కాస్త వెనకగా, నునుపుగా వస్తుంది. నా వయసువారికి అది చేతికర్ర లాంటిది.

నేర్చుకునే పద్ధతి గురించి ఒక మాట. ఈ సాఫ్టువేరు తెరిస్తే పక్కలన్నిటా బొమ్మగుర్తులు, వాటి కింద జాబితాలు, జాబితాల కింద మళ్ళీ జాబితాలు. ఒక్కొక్కటీ వరసగా నేర్చుకుందామనుకుంటే ఏడాది పడుతుంది. వంటింట్లో డబ్బాల మీది పేర్లన్నీ చదివినంత మాత్రాన పులుసు కాగదు గదా! నాలుగు రోజులు బంతులు, పెట్టెలు గీసి ఇక అది చాలించాను. అయిదోనాడు మీ అమ్మాయి పెట్టుకున్న పనే నేనూ పెట్టుకున్నాను. ఆ వండర్ వుమన్‌ను ఎదురుగా పెట్టుకుని, ఈవిడకు వేరే బట్టలు కుట్టాలంటే ఎలా అని మొదలుపెట్టాను. అప్పుడు సాఫ్టువేరు సంగతి మరిచిపోయి బట్టల సంగతిలో పడతాము. చెయ్యి కావాలన్న పరికరమే వెతుక్కుంటుంది.

అన్నిటికన్న ముందు కావలసి వచ్చింది ‘లేయర్లు’. పొరలు అంటే సరిపోతుంది. ఒక బొమ్మ మీద ట్రేసింగు కాగితం పరచి దాని మీద గీస్తాము, దాని మీద ఇంకొకటి పరుస్తాము. ఇక్కడ అలాంటి పారదర్శకమైన కాగితాలు ఎన్నయినా పరచుకోవచ్చు. ఒంటి ఆకారం ఒక పొర, దాని మీద రవిక ఒక పొర, దాని మీద కడియాలు ఒక పొర. రవిక నచ్చకపోతే ఆ పొర ఒక్కటే తీసేస్తే ఒళ్ళు చెక్కుచెదరదు. పొడుగు చేతులదొకటి, మోచేతిదాకా ఒకటి, చేతులు లేనిదొకటి గీసి ఒకదాని తరవాత ఒకటి తొడిగి చూడవచ్చు. ఫొటోషాప్ 1990లో బజారుకు వచ్చినప్పుడు ఈ సౌకర్యం లేదు. 1994లో వచ్చిన మూడో కూర్పులో పెట్టారు. ఈనాటి బొమ్మల సాఫ్టువేర్లన్నీ ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి.

ఇక్కడే, టెక్సాసు సోదరీ, మీరు కాస్త ఆగి వినాలి. పాత దుస్తులకు బదులు కొత్త దుస్తులు గీసేవారు ముందు పాత బొమ్మను అడుగున పరుచుకుంటారు. దాని మీద కొత్త పొర వేసుకుని గీస్తారు. మధ్య మధ్య పై పొర మూసి కింది బొమ్మ తెరిచి, ఏది వుంచాలి, ఏది తీసేయాలి అని పోల్చి చూస్తారు. ప్రతి పొర పక్కనా చిన్న కన్ను గుర్తు వుంటుంది. అది నొక్కితే పొర మాయమవుతుంది, మళ్ళీ నొక్కితే వస్తుంది. మీరు పాలగ్లాసుతో వెళ్ళినప్పుడు కనబడినది ఆ అడుగు పొర అయి వుంటుందని నా అనుమానం. “బట్టలు మారుస్తున్నానమ్మా” అని పిల్ల చెప్పనే చెప్పింది కదా. ఆ అరకొర బట్టలు మీకు నచ్చలేదు సరే, పిల్లకు నచ్చితే మూడు నెలలు కూర్చుని మార్చడం ఎందుకు?

ఇంతకీ ఆ బట్టలు ఎవరు కుట్టారో చూద్దాము. వండర్ వుమన్ 1941లో పుట్టింది. కథ కల్పించినవారు విలియం మౌల్టన్ మార్‌స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. బొమ్మ గీసినవారు హారీ పీటర్. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. ఎర్రటి బిగుతు రవిక, దాని మీద బంగారు గద్ద, నుదుట పట్టీ, చేతులకు కడియాలు, ఎర్ర బూట్లు, కింద తెల్ల నక్షత్రాల నీలం లంగా. అవును, మొదట లంగాయే! కొద్ది కాలానికే అది లాగు అయింది. తరవాతి దశాబ్దాల్లో ఆ లాగు కూడా కురచ అవుతూ వచ్చింది.

ఆ రంగులు కూడా ఒకరి ఇష్టాయిష్టాల వల్ల మాత్రమే వచ్చినవి కావు. ఆనాటి కామిక్ పుస్తకాలు నాసిరకం కాగితం మీద అచ్చయ్యేవి. నీలం, ఎరుపు, పసుపు సిరాలు మూడింటినీ చుక్కలుగా పాతికపాళ్ళు, సగం, పూర్తి చొప్పున కలిపితే వచ్చే రంగులు 64. అంతే. ఆ కాగితం మీద లేత రంగులు వెలవెలబోతాయి. దిట్టమైన ఎరుపు, నీలం, పసుపు అయితే నిలుస్తాయి. అందుకే ఈ వీరులందరూ తిరునాళ్ళలో బొమ్మల్లా వుంటారు. ఏ రంగు ఎక్కడ పడాలో పలకలు తయారు చేసే పని చాలాకాలం కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్టు అనే వూళ్ళో సాగింది. చేతితో ఆ పని చేసినవారు ఎక్కువమంది స్త్రీలే. పుస్తకంలో వారి పేర్లు వుండేవి కావు. ఈనాడు మీ అమ్మాయి ముందున్న తెర ఒక్కొక్క చుక్కకు 1,67,77,216 రంగులలో ఏదయినా చూపగలదు. ఎంచుకోవడమే కష్టం! నేను రెండు సాయంకాలాలు నీలాల మధ్యే తిరిగాను. తీరా అచ్చుకు వెళితే తెర మీద మెరిసిన నీలం కాగితం మీద కాస్త మసకబారుతుంది. తెర వెలుగుతో చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది, అదీ తేడా.

1968లో ఒక పెద్ద మార్పు చేశారు. డెనీ ఓనీల్ కథ, మైక్ సెకౌస్కీ బొమ్మలు. నక్షత్రాల లాగు తీసేసి ఆవిడకు ఆ కాలపు ఫ్యాషను దుస్తులు తొడిగారు. తరచుగా మెడ నుంచి పాదాల దాకా తెల్లటివి. మన టెక్సాసు సోదరి చూస్తే సంతోషించేవారే. కాని దానితోపాటు ఆవిడ అద్భుత శక్తులన్నీ తీసేశారు. ఒళ్ళు కప్పారు, బలం లాగేసుకున్నారు. 1972లో గ్లోరియా స్టైనమ్, తదితరులు ‘మిస్’ అనే స్త్రీల పత్రిక మొదలుపెట్టినప్పుడు జూలై సంచిక ముఖచిత్రంగా వేసింది వండర్ వుమన్‌నే. అదీ పాత దుస్తుల్లోనే, వూళ్ళు దాటుతూ అడుగులు వేస్తున్న మహాకాయంతో. స్త్రీల హక్కుల కోసం పోరాడుతున్నవారు ఆ కురచ లాగును తిరిగి కోరుకున్నారా అని మనకు ఆశ్చర్యం కలుగుతుంది. వారు కోరుకున్నది దుస్తులతోపాటు పోయిన బలాన్ని. 1973లో రెండూ తిరిగి వచ్చాయి.

ఈ కథ చదివిన తరవాత దుస్తులను అంగుళాలతో కొలిచే అలవాటు నాకు కాస్త సడలింది. నిండుగా వుందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఈ దుస్తులతో ఈవిడ పరుగెత్తగలదా, చెయ్యెత్తగలదా, ఎవరి కంటి కోసం కుట్టారు ఇవి అన్నది ఇంకొక ప్రశ్న. రెండోదే ముఖ్యమని నాకు తోచింది. మొదటిదాన్ని కొట్టిపారేయమని అనడం లేదు సుమా!

2010లో ఆరువందలవ సంచికలో జిమ్ లీ మళ్ళీ ప్యాంటు, పొట్టి కోటు తొడిగారు. 2011లో పుస్తకాలన్నీ కొత్తగా మొదలుపెట్టినప్పుడు ప్రకటన కోసం ముందుగా విడుదల చేసిన బొమ్మల్లో ప్యాంటు వుంది. పుస్తకాలు చేతికి వచ్చేసరికి లేదు! అదే బొమ్మ, అదే నిలబడిన తీరు, కాళ్ళ మీద రంగు మాత్రం మారింది. పొరల సంగతి తెలిసిన తరవాత ఇది ఎంత సులువో మనకు అర్థమవుతుంది. పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా ఒక ఆడమనిషి కాళ్ళకు ప్యాంటు వుండాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఇంత తంటా పడతారన్నమాట.

నన్ను బాగా ఆకట్టుకున్న మనిషి ట్రీనా రాబిన్స్. ఆవిడ 1960లలో న్యూయార్కులో బట్టల దుకాణం నడిపారు. తానే కత్తిరించి తానే కుట్టేవారు. కామిక్ బొమ్మలూ గీసేవారు. 1969లో వాంపిరెల్లా అనే పాత్రకు దుస్తులు ఎలా వుండాలో టెలిఫోనులో వర్ణించి చెబితే ఫ్రాంక్ ఫ్రాజెటా అనే ప్రసిద్ధ చిత్రకారుడు అవతల గీశారు. తరవాత తరవాత ఇతరుల చేతుల్లో ఆ దుస్తులు ఇంకా ఇంకా పలచబడ్డాయి. అది ఆవిడకు నచ్చలేదు. 1986లో ఆవిడ వండర్ వుమన్ కథ ఒకటి గీశారు, నాలుగు సంచికలు. అప్పటికి ఆ వీరవనిత పుట్టి నలభై అయిదేళ్ళు. అన్నేళ్ళకు గాని ఆవిడ సొంత పుస్తకానికి బొమ్మలు గీసే పని ఒక స్త్రీ చేతికి రాలేదు. ట్రీనా 2024లో పోయారు.

ఆ తరవాతి తరంవారి పని చూస్తే కుట్టుపని తెలిసినవారు గీసినట్టే వుంటుంది. 2014లో బాట్‌గర్ల్‌కు కామెరాన్ స్టూవర్ట్, బాబ్స్ టార్ కలిసి తోలు కోటు, పసుపు బూట్లు, గుండీలతో తగిలించుకునే ముసుగు వస్త్రం పెట్టారు. వెనక నుంచి ఎవరయినా గుంజితే వూడి వస్తుంది, మెడకు వురిపడదు. కాలేజీ పిల్ల బజారులో కొనుక్కుని తానే కుట్టుకోగలిగిన దుస్తులు అవి. అదే సంవత్సరం కమలా ఖాన్ అనే పదహారేళ్ళ పిల్లతో ‘మిస్ మార్వెల్’ పుస్తకం మొదలైంది. కథ విల్లో విల్సన్ అనే రచయిత్రిది, దుస్తుల రూపం జేమీ మెకెల్వీది. న్యూజెర్సీలో పాకిస్తానీ కుటుంబంలో పుట్టిన పిల్ల, ఇంట్లో వున్న బుర్కినీని, అంటే నిండుగా కప్పే ఈత దుస్తులను, మార్చుకుని వీరవనిత వేషం కట్టుకుంటుంది. అమ్మానాన్నల దగ్గర దాస్తుంది కూడా! మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న కథే.

నా పని సంగతి కొంచెం చెప్పాలి. భుజపట్టీలు లేని ఆ రవికను ఎలా నిలబెట్టాలన్నది నా మొదటి చిక్కు. నిలబడి వుంటే ఎలాగో వుంటుంది. చెయ్యి పైకెత్తి పాశం విసిరితే? అందుకని అదే మనిషిని చేతులెత్తినట్టు ఇంకొక పొర మీద గీశాను. రవిక పైకి లేచిపోయింది. భుజాలకు వెడల్పాటి పట్టీలు పెట్టి, చంకల్లో క్రాసు గుడ్డ వేసి, నడుము దగ్గర వేరే ముక్కగా చేశాను. గద్దబొమ్మ అలాగే వుంచాను. కింద మోకాళ్ళ దాకా చీలికలున్న నక్షత్రాల పావడా, దాని లోపల బిగుతు ప్యాంటు. ఇవన్నీ వేరువేరు పొరలు. మధ్య గీతకు ఇటు గీస్తే అటు కూడా దానంతట అదే గీసుకునే ఏర్పాటు ఒకటి వుంది. ముగ్గు పెట్టేవారికి అది చూస్తే నవ్వు వస్తుంది, మనం చుక్కలు లెక్కపెట్టి చేసే పని అది గీతతో చేస్తుంది. రంగు నింపే డబ్బా గుర్తు మరొకటి. గీతలో ఎక్కడయినా సందు వుందా, గట్టు తెగిన మడిలో నీళ్ళలా రంగు కాగితమంతా పారుతుంది. కీబోర్డు మీద ఎం అక్షరం నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరుగుతుంది. సరిగ్గా వుందనుకున్న మొహం ఒక పక్కకు ఒరిగి వుందని అప్పుడు తెలుస్తుంది. పూర్వం చిత్రకారులు నిజం అద్దం పట్టుకుని చేసిన పరీక్షే ఇది.

వారి మరొక పరీక్ష నీడ పరీక్ష. అన్ని పొరలనూ కలిపి మొత్తం నల్లరంగుతో నింపేయాలి. ఆ నల్లటి నీడను చూసి ఎవరో పోల్చుకోగలిగితే రూపం కుదిరినట్టు. నేను పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నీడలు చేసి, మా ఇంటికి వచ్చిన కాలేజీ కుర్రవాడికి చూపించాను. రెండూ వండర్ వుమనే అన్నాడు. నుదుటి పట్టీ, కడియాలు, నడుమున పాశం, నిలబడిన ధీమా చూసి పోల్చాడు. ఎనభై ఏళ్ళకు పైగా ఆ కాళ్ళ గురించి ఇంత తగాదా పడ్డారు గాని, మనిషిని గుర్తుపట్టడానికి వాటితో పనే లేదు!

ఒక్క హెచ్చరిక. చేసిన ప్రతి పనినీ వెనక్కి తీసుకునే మీట వుంది, కంట్రోలు, జెడ్ కలిపి నొక్కడం. నాకు దాని మీద సదభిప్రాయం లేదు. సిరాతో గీసే కాలంలో గీత పడితే పడినట్టే, దానితోనే సర్దుకునేవాళ్ళం. ఇక్కడ ఒక్క కనుబొమ్మ కోసం ఇరవైసార్లు వెనక్కి వెళ్ళవచ్చు. మీ అమ్మాయికి మూడు నెలలు పట్టడంలో కొంత వాటా దానిదే అయి వుంటుంది. మాన్పించకండి. ఒక తారీఖు మాత్రం పెట్టించండి. ఆనాటికి ఎలా వుంటే అలా అచ్చు తీయించి గోడకు అంటిద్దామని చెప్పండి. బొమ్మను అంగుళానికి 300 చుక్కల చొప్పున గీస్తే అచ్చు నిక్కచ్చిగా వస్తుంది. ఎ4 కాగితానికయితే అడ్డం 2,480, నిలువు 3,508. ఈ అంకెలు గీయడం మొదలుపెట్టేటప్పుడే పెట్టుకోవాలి.

అంతకన్న ముందు మీరు చేయవలసింది ఒకటి వుంది. ఆ రోజు అన్న మాట గురించి ఏమీ అనకుండా, గది బయట నుంచే పిలిచి, “వెనకవైపు బొమ్మ గీశావా? హుక్కులు ఎక్కడ పెట్టావు?” అని అడగండి. నూటికి తొంభైమంది ముందువైపు మాత్రమే గీసి వూరుకుంటారు. బట్ట తలలో నుంచి దిగుతుందా, పక్కన విప్పుకుంటుందా, కుట్టు ఎక్కడ పడుతుంది అన్నది కత్తెర పట్టినవారికి తెలుస్తుంది గాని కలము పట్టినవారికి తట్టదు. క్రాస్ కటింగు రవిక ఒంటికి ఎలా అతుకుతుందో మీకు తెలుసు. పొరలు ఎలా పరచాలో పిల్లకు తెలుసు. మీ పాత రవిక ఒకటి కుట్లు విప్పి ముక్కలుగా బల్ల మీద పరచి చూపించండి. మీరు ఇలా మాట్లాడతారని పిల్ల అనుకుని వుండదు.

బొమ్మల మీద సరదా వుండి, పెళ్ళయిన తరవాత వదిలేసిన పాఠకురాళ్ళు ఎవరయినా ఇది చదివి ముచ్చటపడితే, ఖరీదయిన పలక కొననక్కరలేదు. చిన్నది, తెర లేనిది చాలు. ముందు క్రిటా దించుకుని మౌసుతోనే నాలుగు రోజులు తిప్పి చూడండి. 1985లో ‘షాటర్’ అనే కామిక్ పుస్తకాన్ని మైక్ సాయెంజ్ మకింటోషు కంప్యూటరు మీద మౌసుతోనే గీశారు. పూర్తిగా కంప్యూటరు మీద గీసి బజారులో అమ్మిన మొదటి కామిక్కులలో అది ఒకటి. ఎదురుగా ఏదో ఒక మనిషిని పెట్టుకోండి. వీరవనితే కానక్కరలేదు. మీ అత్తగారి పెళ్ళి ఫొటో అయినా సరే, ఆవిడ పట్టుచీర అంచు మార్చి చూడండి. పాత పొర అడుగున వుంచి, దాని మీద కొత్త పొర వేసుకుని మొదలుపెట్టండి. రోజుకొక కొత్త పేరుతో దాచుకోండి, తారీఖు వేసి.